నూరేళ్ళు దాటిన ఆవం

న్యూయార్క్‌లో గ్రీనిచ్ హౌస్ పాటరీ అని ఒకటుంది. 1909లో మొదలై, 2009లో వందేళ్ళ పండగ చేసుకుంది. వందేళ్ళ కంపెనీల చరిత్రలు మనం చాలానే చదివుంటాం గానీ, ఈ కుండల బడి కథ వేరు.

మేరీ సింఖోవిచ్ అనే ఆవిడ 1902లో గ్రీనిచ్ విలేజ్‌లో గ్రీనిచ్ హౌస్ పెట్టారు. వలసొచ్చి ఇరుకు గదుల్లో బతికే కుటుంబాలకి ఆసరాగా ఉండటం దాని పని. కుండల పని అందులోంచే పుట్టింది. 1948 నుంచి జోన్స్ స్ట్రీట్‌లో నడుస్తోంది.

ఇన్నేళ్ళు ఎలా నిలిచింది? నా లెక్కలో జవాబు ఆవం. మట్టి కొనుక్కోవచ్చు, సారె ఇంట్లో పెట్టుకోవచ్చు. 1200 డిగ్రీలు దాటే ఆవాన్ని అపార్ట్‌మెంట్‌లో పెట్టుకోలేం కదా! మన భాషలో షేర్డ్ సర్వర్ అన్నమాట. సరిగ్గా ఆరని కుండ ఒకటి లోపల పేలితే పక్కవాడి కుండకీ దెబ్బే. అందుకే కలిసి నేర్చుకోక తప్పదు.

కాకపోతే పేట మారిపోయింది. ఒకప్పటి వలసవాళ్ళ వీధుల్లో ఇప్పుడు అద్దెలు వింటే గుండె గుభేలుమంటుంది. క్లాసుకి ఫీజు కట్టాలి.

మన దగ్గర కథ ఇంకోలా నడిచింది. ఆవం ఊళ్ళోనే ఉండేది, పని మాత్రం కుమ్మరి కులానిదే, మిగతావాళ్ళు చెయ్యి పెట్టేవారు కాదు. ఇప్పుడు హైదరాబాదులో మనం డబ్బు కట్టి వీకెండ్ వర్క్‌షాపులో సారె తిప్పుతున్నాం. మంచిదే. ఆ నేర్పే పని, దాని జీతం ఊరి కుమ్మరికి దక్కితే ఇంకా మంచిది. అప్పుడు కమ్యూనిటీ అనే మాట మనకీ నప్పుతుంది. ఏమంటారు?