రాత్రి వండి పొద్దున విప్పే సద్దిమూట

స్నేహితులంతా కలిసి ఊరి బయటికి వెళ్లి, ఇంటి దగ్గర కట్టించుకున్న పొద్దుటి తిండిని నేలమీద చుట్టూ కూర్చుని తిన్న ముచ్చట తెలుగులో ఎక్కడుందని అడిగితే, ఎవరైనా ముందు చెప్పేది పోతన భాగవతమే. దశమ స్కంధంలో కృష్ణుడికి ఒకనాడు అడవిలో చల్దులు, అంటే సద్దులు, తినాలని మనసవుతుంది. తెల్లవారుతూనే కొమ్ము ఊది సావాసగాళ్లను లేపుతాడు. వాళ్లు దూడలను తోలుకుంటూ, చల్ది కావడులు భుజాన వేసుకుని బయలుదేరతారు. దారిలో ఒకడి కావడిని ఇంకొకడు దాచేస్తాడు, వాడు ఏడుపుమొహం పెడితే మరొకడు తెచ్చి ఇస్తాడు. దారిలో ఎదురైన రాక్షసుడు అఘాసురుడి గండం గడిచాక యమున ఇసుకతిన్నె మీద మూటలు విప్పుతారు. కృష్ణుడి ఎడమచేతిలో మీగడపెరుగు కలిపిన ముద్ద, వేళ్ల సందుల్లో ఊరగాయ ముక్కలు.

సంస్కృత మూలంలో ఆ వేళ్ల మధ్య ఉన్నవి ఫలాలు. పోతన వాటిని ఊరగాయలు చేశాడు. 15వ శతాబ్దంలో ఓరుగల్లు సీమ పిల్లలు పశువుల వెంట వెళ్తూ ఏం కట్టుకుపోయేవాళ్లో ఆయన కళ్లతో చూసి ఉంటాడు. ఆ ఊరగాయలో మిరపకారం మాత్రం లేదు. మిరప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి చేరింది 16వ శతాబ్దంలో. అంతకుముందు ఘాటంతా మిరియాలదీ ఆవాలదీ అల్లానిదీ. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంట చలికాలపు అన్నం వడ్డించినప్పుడూ కూరల్లో మిరియాల పొడే వేశాడు.

చద్దన్నం అంటే రాత్రి మిగిలిపోయినది, వేరే దిక్కులేక పొద్దున తినేది అని చాలామంది అనుకుంటారు. ఈ చరిత్ర తిరగేసిన కొద్దీ ఆ మాట నిలవదని నాకు బలంగా అనిపిస్తుంది. రేపు పొద్దున ఎవరు ఎక్కడికి వెళ్లాలో, ఎంతసేపటికి ఆకలేస్తుందో ముందే లెక్కవేసి, రాత్రే ఎసట్లో రెండు గుప్పిళ్లు ఎక్కువ పోసి వండినదే సద్ది. మిగిలితే తినడం వేరు, మిగల్చాలని వండడం వేరు.

ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి ఇంట్లో తినే తడి చద్ది. రాత్రి అన్నంలో నీళ్లో గంజో పోసి మూతపెడితే, గాలిలోనూ కుండలోనూ ఉండే లాక్టిక్ ఆమ్ల సూక్ష్మజీవులు తెల్లారేసరికి దాన్ని పులియబెడతాయి. కోస్తా ఇళ్లలో దీనికోసం తరవాణి కుండ ప్రత్యేకంగా ఉండేది. రోజూ వార్చిన గంజి అందులో పోసేవాళ్లు, అది పుల్లబడుతూ ఉండేది, దబ్బాకు వేస్తే సువాసన. ఆ పుల్లనీళ్లు అన్నంలో పోసుకుని, ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో పిల్లలూ పెద్దలూ తినేవాళ్లు. నేలను బట్టి కుండలో ఉన్నది మారేది. రాయలసీమలో రాగి సంగటి ముద్ద మజ్జిగలో పిసికితే అదే పొద్దుటి బువ్వ, ఉత్తరాంధ్రలో చోడి అంబలి, తెలంగాణ మెట్ట ఊళ్లలో జొన్న గటక.

వరి అన్నపు సద్ది అందరిదీ కావడానికి చాలా కాలం పట్టింది. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట పూర్తయింది 1852లో, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో. డెల్టా అంతా వరి మయమైనా, మెట్ట ప్రాంతాల్లో తెల్లన్నం పండగ తిండిగానే చాలాకాలం ఉండిపోయింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక కిలో రెండు రూపాయల బియ్యం ఇంటింటికీ చేరి ఆ తేడాను చాలామటుకు చెరిపేసింది. ఆ తరవాతే జొన్న, రాగి కుండలు మూలకు పోయాయి. అవి ఇప్పుడు తిరిగి వస్తున్నందుకు సంతోషమే.

రెండో దారి మూటకట్టుకుని పోయే పొడి సద్ది. వారాంతపు ప్రయాణానికి పనికొచ్చేది ఇదే. దీని వైభవం చూడాలంటే సద్దుల బతుకమ్మ రోజు తెలంగాణ చెరువుగట్టుకు వెళ్లాలి. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలైన పండగ తొమ్మిదో రోజుకు సద్దులతో ముగుస్తుంది. ఆ రోజు ఇంటింటా సద్దులు కలుపుతారు. పెరుగు సద్ది, చింతపండు పులిహోర సద్ది, నిమ్మకాయ సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది. రొట్టెను నలిపి బెల్లం, నెయ్యి కలిపిన మలీద ముద్దలు వేరే. బతుకమ్మను నీళ్లలో వదిలాక ఆడవాళ్లు గట్టున కూర్చుని డబ్బాలు తెరిచి, ఇచ్చినమ్మ వాయనం పుచ్చుకున్నమ్మ వాయనం అనుకుంటూ ఒకరి సద్ది ఒకరు పంచుకుంటారు. బియ్యం అపురూపమైన రోజుల్లో అయిదు రకాల అన్నం ఒక్కరోజే కలపడం ఎంత పెద్ద పండగో, రేషన్ బియ్యం తిని పెరిగిన మనకు ఊహించడం కష్టం. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండగయింది. పూలకు దక్కినంత పేరు ఆ సద్దులకూ దక్కాలి.

ఆ అయిదింట్లో మూడు వాడుకలో నిలిచి ప్రయాణపు తిండి కావడానికి ఒక గట్టి కారణం ఉంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలుంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. ఉడికిన అన్నం గంటల తరబడి గది వేడిలో ఉంటే అవి మొలకెత్తి విషం వదులుతాయి. దాన్ని మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు, వాంతులు తప్పవు. వీటికి పడనిది పులుపు. ఆమ్లత్వం లెక్కలో పీహెచ్ 4.6 కిందికి దిగితే ఇలాంటి సూక్ష్మజీవుల్లో చాలావాటికి ఎదుగుదల ఉండదని ఆహార పరిశ్రమ వాళ్లు ఒక గీత పెట్టుకున్నారు. జపాన్‌వాళ్లు సుషీ అన్నంలో వెనిగర్ కలపడానికీ ఇదే ఆధారం. మనకు ఆ పని చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మరసం, పుల్లబడ్డ పెరుగు చేసిపెట్టాయి. దానికి తోడు ఉప్పు, పసుపు, ఇంగువ, మెతుకు మెతుక్కీ పట్టే నూనె. నువ్వుల సద్దిలో పులుపు లేదు కనుక దాన్ని ఎక్కువసేపు ఉంచకూడదు. కొబ్బరి సద్దీ నిలవదు, చేసిన పూటే తినాలి.

చింత చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. ఎంత పూర్వం వచ్చిందో గానీ మన రోడ్ల పక్కన, పొలాల గట్ల మీద తనదే ఊరన్నట్టు పాతుకుపోయింది. పులిహోరను ఊరూరా అలవాటు చేసింది మాత్రం గుళ్లే అని నా నమ్మకం. దూరం నుంచి నడిచి వచ్చి, దర్శనమై, తిరిగి నడిచిపోయే యాత్రికుడి చేతిలో పెట్టే ప్రసాదం సాయంత్రం దాకా చెడకూడదు. తిరుమల నుంచి చిన్న ఊరి రామాలయం వరకూ దొన్నెలో దద్దోజనం, పులిహోర, చక్కెర పొంగలి ఉండటంలో రుచితోపాటు ఈ ఏర్పాటూ ఉంది. కొన్ని వైష్ణవాలయాల పులిహోరలో ఇప్పటికీ మిరియాల ఘాటే ముందు తగులుతుంది.

సద్ది లేని ప్రయాణికులూ ఉండేవాళ్లు. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో గోవింద మంచన శర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు కాకతీయుల ఓరుగల్లును ఒక్కరోజులో చుట్టబెడతారు. మూట ఏమీ తెచ్చుకోలేదు, పూటకూళ్ల ఇంట్లో ఒక రూకకు కమ్మటి భోజనం దొరికింది. కానీ అది పట్నం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి వందమంది దాకా పరివారంతో కాశీకి బయలుదేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారి పొడుగునా ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుంది, ఏ మజిలీలో మంచినీళ్లున్నాయి అన్నది కాశీయాత్ర చరిత్రలో ఎంత శ్రద్ధగా రాసుకున్నాడో చూస్తే, తిండి సంగతి చూసుకోకుండా గడప దాటడం ఆ రోజుల్లో ఎంత సాహసమో తెలుస్తుంది.

రైలు వచ్చాక మూట స్వరూపం మారింది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు బళ్లు నడిచాయి. ఎద్దుబండి రోజుల్లో సద్ది ఒక పూట ఆగితే చాలు, మధ్యాహ్నం మజిలీలో పొయ్యి పెట్టుకోవచ్చు. రైల్లో ఆ వీలు లేదు. మడి పాటించేవాళ్లు స్టేషన్‌లో ఎవరో వండింది ముట్టేవాళ్లు కాదు. దాంతో గుడ్డమూట స్థానంలో గిన్నె మీద గిన్నె బిగించే టిఫిన్ క్యారియర్ వచ్చింది. అడుగు గిన్నెలో పులిహోర, పైన పెరుగన్నం, అన్నిటికంటే పైన ఆవకాయ బద్దలు. రెండో రోజుకు జంతికలు, అరిసెల డబ్బా.

ఇప్పుడు శనివారం తెల్లవారుజామున అయిదింటికి హైదరాబాదులో కారెక్కి శ్రీశైలం పోయే నలుగురికీ, విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి అరకు పోయే బృందానికీ అదే అవసరం. అమెరికాలో లాంగ్ వీకెండ్‌కు నాలుగు కుటుంబాలు కలిసి నేషనల్ పార్కులకు వెళ్తూ అల్యూమినియం ట్రేలో పులిహోర నింపుకునేదీ ఇందుకే. దారిలో ఎక్కడో ఆగి గంటసేపు దోసెల కోసం కాచుకుని కూర్చునే బదులు, ఒక చెట్టునీడన మూట విప్పుకోవడంలో ఉన్న హాయి వేరు.

చింతపండు పులిహోరకు పదిమందికి కిలో బియ్యం సరిపోతుంది. అన్నం పలుకుగా వార్చి, వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, వేడి మీదే పసుపు, రెండు గరిటెల నువ్వులనూనె, కరివేపాకు కలపాలి. అన్నం గుట్టగా ఉంటే మధ్యలో వేడి నిలిచి చెడుతుంది కాబట్టి పలచగా పరవడం తప్పనిసరి. కిలోకు నూటయాభై నుంచి రెండువందల గ్రాముల చింతపండు. రసం చిక్కగా తీసి, చీల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, చిన్న బెల్లంముక్క, తగినంత నూనె వేసి, ఆ నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. నూనె తేలిందంటే నీరు ఇంకిందని గుర్తు. ఈ గుజ్జు వారం ముందే చేసి సీసాకెత్తి ఫ్రిజ్‌లో పెట్టుకున్నా నష్టం లేదు. రాత్రి అన్నానికి పట్టించి మూతపెడితే తెల్లారేసరికి మెతుకులోకి పులుపు దిగుతుంది, అందుకే పులిహోర చేసిన గంటలో కంటే మర్నాడే బాగుంటుంది. గోదావరి వాళ్లు ఆవపిండి, కొందరు వేయించిన నువ్వులపొడి కలుపుతారు. నా ఓటు ఆవకే. వేరుశనగ గుళ్లు మాత్రం పొద్దున బయలుదేరేముందు కలపండి, రాత్రే వేస్తే మెత్తబడతాయి.

పెరుగన్నం కోసం అన్నంలో పెరుగు కలిపి తీసుకెళ్తే పది గంటలకల్లా పుల్లబడి ముఖం చిట్లించాల్సి వస్తుంది. పాతవాళ్లు చేసింది వేరు. అన్నం మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన గోరువెచ్చని పాలు ధారాళంగా పోసి, ఒక చెంచా పెరుగు తోడు పెట్టి ఉంచేవాళ్లు. రాత్రంతా అన్నమే పెరుగుగా తోడుకుంటుంది. పొద్దున ఉప్పు, అల్లం, పోపు చేరిస్తే దారిలో విప్పేసరికి కమ్మగా ఉంటుంది. పిల్లలుంటే దీన్నే ఎక్కువ చేయండి. ఇడ్లీ కావాలనేవాళ్లకు కొబ్బరి చట్నీ జోలికి పోకుండా, ఆరిన ఇడ్లీకి రెండు వైపులా నూనె, కారప్పొడి పట్టించి అరిటాకులో చుడితే మధ్యాహ్నం దాకా మెత్తగా ఉంటుంది.

ఒక్క సంగతి మాత్రం పాత పద్ధతిలో మారాలి. ఊరంతటి ప్రయాణాలకూ రాత్రి పొయ్యి దగ్గర నిలబడింది ఇంటి ఆడవాళ్లే. చల్ది కావడుల కథలో పిల్లల ఆట కనిపిస్తుంది గానీ, అంత ముందే వండి కట్టిచ్చిన తల్లుల నిద్ర లెక్కలోకి రాదు. స్నేహితుల ప్రయాణానికి సద్దుల బతుకమ్మ పద్ధతే న్యాయం. ఒక్కొక్క ఇంటి నుంచి ఒక్కొక్క సద్ది రావాలి, మగవాళ్ల చేతుల మీదుగా కూడా రావాలి. నిమ్మకాయ పులిహోర మొదటిసారి వంటింట్లోకి వెళ్లినవాడికైనా వస్తుంది. పొయ్యి ఆపి, అన్నం ఆరాకే రసం పిండాలన్న ఒక్క నియమం గుర్తుంటే చాలు, లేదంటే చేదెక్కుతుంది. దారిలో విప్పేటప్పుడు కొబ్బరి సద్దో నువ్వుల సద్దో ఎవరైనా తెస్తే ముందు అది, తరవాత పెరుగన్నం తినేయండి. చింతపండు పులిహోర మధ్యాహ్నానికైనా ఆగుతుంది.