డబ్బా పొడులు రాకముందు

సర్ఫ్ మన దేశంలో 1959లో వచ్చింది, నిర్మా 1969లో. అంతకుముందు మన తిరుపతి, చిత్తూరు ఇళ్ళు మురికిగా ఉండేవా? లేదు కదా!

తిరుమల గుడినే చూడండి. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి - ఈ నాలుగింటికీ ముందు వచ్చే మంగళవారం కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరుగుతుంది. మూలవిరాట్టును వస్త్రంతో కప్పి, గోడలు, పైకప్పు, పూజాసామగ్రి అన్నీ నీళ్ళతో శుద్ధి చేస్తారు. ఆ తర్వాత నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డకర్పూరం, గంధంపొడి, కుంకుమ, కిచిలిగడ్డ కలిపిన పరిమళజలం చల్లుతారు.

గమనించారా? ముందు కడగడం, తర్వాతే సువాసన. మురికిని వాసనతో కప్పిపుచ్చడం లేదు.

మన పెద్దవాళ్ళూ ఏ మురికికి ఏది వాడాలో తెలిసి వాడారు. చింతపండు పులుపు రాగి, ఇత్తడి చెంబుల చిలుమును కరిగిస్తుంది. కట్టెల బూడిదలో ఉండే క్షారం జిడ్డును వదిలిస్తుంది. కుంకుడుకాయ నురుగు పట్టుచీరను పాడుచేయకుండా మురికి తీస్తుంది.

అలాగని పాతదంతా అన్నిటికీ పనికొస్తుందనుకోకండి. పులుపు తగిలితే పాలరాతి గచ్చు మెరుపు పోతుంది. బూడిద అల్యూమినియం గిన్నెలను తినేస్తుంది. చింతపండు పులుసుగానీ నిమ్మరసంగానీ బ్లీచింగు పౌడరులో ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

పండక్కి ఇల్లు కడిగేటప్పుడు ఒక్క ఇత్తడి బిందెను చింతపండుతో తోమి చూడండి. ఈ విద్య మన ఆడవాళ్ళది. అమ్మాయిలకు కూడా చెప్పండి, అబ్బాయిలకు కూడా!