వెనక మెట్ల తాళం

మా పెద్దమ్మను నర్సింగ్ హోమ్‌లో చేర్చిన రాత్రి నాకు కన్ను మూతపడలేదు. ఆమెకొచ్చింది పెద్ద జబ్బేమీ కాదు. నాలుగు రోజులు విరేచనాలై ఒంట్లో నీరంతా పోయింది, సోడియం పడిపోయింది. రెండు రోజులు సెలైన్ ఎక్కిస్తే లేచి కూర్చుంటుందన్నారు డాక్టరు గారు. మా తర్లుపాడులో మధ్యాహ్నం ఆటో ఎక్కించి, పరీక్షలన్నీ చేయించి, రెండో అంతస్తులో మంచం దొరికేసరికి పొద్దుగూకింది. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. వైద్యం బాగానే చేశారు, నర్సమ్మలు ఓపికగానే చూశారు.

పన్నెండు దాటాక ఫ్లాస్కు పట్టుకుని వేడినీళ్లకని లేచాను. ముందు మెట్ల దగ్గర బల్బు పోయి చీకటిగా ఉంది. వరండా చివర ఇంకో మెట్లదారి కనిపిస్తే అటు నడిచాను. ఇనుప గ్రిల్లు, దానికి అరచేతంత తాళం. గ్రిల్లుకు ఇవతల రెండు ఖాళీ ఆక్సిజన్ సిలిండర్లు, చక్రం ఊడిన వీల్‌చైరు, తడి దుప్పటి ఆరేసిన సెలైన్ స్టాండు. పక్కనే గోడకు మంటలార్పే ఎర్ర సిలిండరు. దాని మెడకు దారంతో కట్టిన అట్టముక్క మీద మళ్లీ ఎప్పుడు నింపాలో రాసుంది. ఆ తేదీ దాటిపోయి పద్నాలుగు నెలలైంది. పైనున్న చిన్న మీటరులో ముల్లు ఎర్రగీత వైపు వాలిపోయి ఉంది.

వార్డుబాయ్‌ని లేపి అడిగాను.

"తాళంచెవి మేనేజరు సారు కాడ ఉంటదన్నా. రేత్రిళ్లు ఆయన ఇంటికి పోతాడు."

"అసలు తాళం ఎందుకేశారు?"

"బిల్లు కట్టకుండా ఎనక నుంచి దిగిపోతన్నారని ఏసినారు."

పెద్దమ్మకు డెబ్బై నాలుగేళ్లు. మా పడమటి ప్రకాశంలో ఆ వయసు వాళ్ల మోకాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు; ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగిన ఎముకలు. ఆ రెండంతస్తులూ ఆమెను ఎక్కించింది లిఫ్టు. కరెంటు పోయి, లిఫ్టు ఆగి, ముందు మెట్ల మీద పొగ కమ్మితే ఈ మనిషిని నేను ఎటు నుంచి దించాలి? అక్కడ నిలబడి ఆ గ్రిల్లు కేసి చూస్తుంటే విజయవాడ గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఇక నిద్ర ఎక్కడిది?

విజయవాడ ఏలూరు రోడ్డులో స్వర్ణ ప్యాలెస్ అని ఒక హోటలు ఉండేది. పేరుకు తగ్గట్టే బంగారు మేడ. పెళ్లికి వచ్చినవాళ్లు, సరుకు బేరానికి వచ్చినవాళ్లు ఒక రాత్రి దిగి పొద్దున్నే ఖాళీ చేసి వెళ్లే చోటు. 2020 వేసవి దాటేసరికి పెళ్లిళ్లు లేవు, బేరాలు లేవు. కోవిడ్ ఊళ్లకు ఊళ్లనే చుట్టేసింది. ఆసుపత్రుల్లో మంచాలు చాలలేదు. ప్రైవేటు ఆసుపత్రులు హోటళ్లను తీసుకుని కోవిడ్ కేర్ సెంటర్లు నడుపుకోవచ్చని అధికారులు అనుమతించారు. అలా ఆ మేడ డాక్టర్ రమేశ్ హాస్పిటల్స్ నడిపే కేంద్రమైంది.

ఆ రోజుల్లో అక్కడ గది దొరికిందంటే బంధువులు ఊపిరి పీల్చుకున్న మాట నిజం. ప్రభుత్వాసుపత్రి వార్డులో పక్కపక్క మంచాల మధ్య పడుకోబెట్టే కన్నా, విడిగా గది, ఏసీ, శుభ్రమైన బాత్రూము, వేళకు వచ్చే నర్సు. చేతిలో డబ్బున్నవాళ్లు ఉన్నదాంతో, లేనివాళ్లు అప్పు తెచ్చి మరీ తమవాళ్లను అటువంటి చోట్ల చేర్చారు. డబ్బు పోతే పోయింది, మనిషి భద్రంగా ఉంటాడని. ఆ ఆశను నేను తప్పు పట్టలేను. నేనైనా అదే చేసేవాణ్ణి.

ఆగస్టు 9, ఆదివారం. తెల్లవారుజామున 5 గంటల ప్రాంతం. లోపల 30 మంది దాకా రోగులు, పది మంది దాకా సిబ్బంది ఉన్నారని తర్వాత అధికారులు చెప్పారు. మంట కింది అంతస్తులో మొదలైంది. కరెంటు షార్ట్ సర్క్యూట్ అని ప్రాథమికంగా తేల్చారు. అక్కడి నుంచి మొదటి అంతస్తుకు ఎగబాకింది. పొగ దానికన్నా వేగంగా పైకి పోయింది. ఫైర్ అలారం మోగలేదని, వెనక వైపు దారి మూసి ఉందని అగ్నిమాపక అధికారులు అప్పట్లో విలేకరులకు చెప్పారు. అంటే ఆ గదుల్లో పడుకున్నవాళ్లను నిద్ర లేపింది గంట కాదు. ముక్కుకు తగిలిన పొగ, గొంతులో పుట్టిన మంట.

కొందరు కిటికీల దగ్గరకు చేరి అరిచారు. కొందరు కిందికి దూకారు. అగ్నిమాపక సిబ్బంది నిచ్చెనలు వేసి, అద్దాలు పగలగొట్టి, చేతికి అందినవాళ్లనల్లా దించారు. పీపీఈ కిట్లు తొడుక్కుని కోవిడ్ రోగులను భుజాన మోసిన ఆ మనుషులకు చేతులెత్తి మొక్కాలి. అయినా పది మంది మిగల్లేదు. వాళ్లలో ఎక్కువమందిని తీసుకెళ్లింది పొగేనని చెప్పారు. మచిలీపట్నం వాళ్లు, జగ్గయ్యపేట వాళ్లు, నిడుబ్రోలు వాళ్లు, కందుకూరు వాళ్లు. కందుకూరు అప్పటికింకా మా ప్రకాశం జిల్లాలోనే ఉంది. టీవీలో కింద పరిగెత్తే అక్షరాల్లో ఆ ఊరి పేరు చూసి మా ఇంట్లో అందరం ఒక్కసారిగా మాట ఆపేశాం.

పొగ సంగతి కాస్త చెప్పాలి. ఏసీ కోసం కిటికీలు బిగించిన భవనంలో మెట్లదారి పొగగొట్టం అయిపోతుంది. పరుపుల్లో ఫోము, గోడలకు కొట్టిన ప్లైవుడ్డు, కర్టెన్లు, వైర్ల మీది ప్లాస్టిక్కు కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. అది ఎక్కువైతే కొన్ని శ్వాసల్లోనే మనిషికి తల తిరుగుతుంది, కాళ్లు తేలిపోతాయి, తలుపు ఎటుందో తెలియదు. ఆరోగ్యవంతుడి గతే అది. అప్పటికే కోవిడ్‌తో సగం మూసుకుపోయిన ఊపిరితిత్తులవాళ్లు ఎంతసేపు ఓర్చగలరు?

మన దేశంలో భవనాలకు ఒక శాస్త్రం ఉంది, 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్. అందులో హోటలు ఒక వర్గం, ఆసుపత్రి ఇంకో వర్గం. ఈ తేడా కాగితం మీది గీత అనుకుంటే పొరపాటే. హోటల్లో దిగినవాడు గంట మోగితే చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్లగలడని లెక్క. ఆసుపత్రిలో ఉన్నవాడు కదల్లేడు, సెలైనుకో ఆక్సిజనుకో కట్టేసి ఉంటాడు. అందుకే అక్కడ మంచంతో సహా పక్కకు నెట్టుకుపోగలిగే వెడల్పు, పొగను కొంతసేపు ఆపే తలుపులు, రెండో దారి ఉండాలంటారు. వృద్ధాశ్రమాలనూ అనాథాశ్రమాలనూ కూడా ఆ కోడ్ ఆసుపత్రులున్న వర్గంలోనే చేర్చింది. స్వర్ణ ప్యాలెస్‌లో మంచాలు మారాయి, మందులు వచ్చాయి, నర్సులు వచ్చారు. మెట్లు మాత్రం హోటలు మెట్లే.

ఇంకొకటి కూడా ఆ మేడలో లేదు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది అది.

మన వైపు ఆసుపత్రికి రోగి ఒక్కడే పోడు. వెంట ఒక మనిషి పోతాడు. మంచం పక్కన చాప పరుచుకుని, తలకింద సంచి పెట్టుకుని పడుకుంటాడు. సెలైన్ అయిపోతే నర్సును పిలిచేది అతనే. బెడ్‌పాన్ అందించేది, అర్ధరాత్రి మందు కోసం పరిగెత్తేది, డాక్టరు రాసింది చదివించుకునేది అతనే. ఆసుపత్రులకు పనిభారం తగ్గించేదీ అతనే. ఏదైనా కాలిన వాసన వస్తే మొదట లేచేదీ అతనే. చట్టంలో ఎక్కడా రాసిలేని ఆ మనిషే మన దగ్గర నర్సు, కాపలా, ఫైర్ అలారం. కోవిడ్ నియమాలు ఆ మనిషిని గేటు బయట ఆపేశాయి. ఆపక తప్పదు కూడా. కానీ అతన్ని ఆపినప్పుడు అతను చేసే పని ఎవరు చేస్తారన్న ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. ఆ పది మందిలో ఒక్కొక్కరికీ ఇంటి దగ్గర ఒక మనిషి ఉండే ఉంటాడు. రాత్రి ఫోనులో "తిన్నావా" అని అడిగి, పొద్దున మళ్లీ చేస్తానని చెప్పి పడుకున్న మనిషి.

తర్వాత జరిగినవి ఎప్పుడూ జరిగేవే. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 50 లక్షల రూపాయలు ప్రకటించింది. కమిటీలు వేశారు, అరెస్టులు జరిగాయి. భవనానికి అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఎన్‌ఓసీ, లేదని అధికారులన్నారు. భవనం బాగోగులు హోటలువాళ్లవి, తాము చూసింది వైద్యమేనని ఆసుపత్రి వాదించింది. హైకోర్టు కేసును ఆపింది. సెప్టెంబరులో సుప్రీంకోర్టు దర్యాప్తు సాగనిచ్చింది, ఆసుపత్రి అధినేతపై బలవంతపు చర్యలు మాత్రం వద్దంది. దోషం ఎవరిదో తేల్చే పని నాది కాదు. ఆ మేడను ఆసుపత్రిగా మార్చిన రోజు ఎవరో ఒకరు పైనుంచి కిందిదాకా నడిచి, వెనక తలుపు తోసి చూసి, అలారం మీట నొక్కి చూసి ఉంటే? ఆరేళ్లుగా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాను.

విజయవాడ మంటకు మూడు రోజుల ముందు, ఆగస్టు 6న, అహ్మదాబాద్ శ్రేయ్ ఆసుపత్రి ఐసీయూలో 8 మంది కోవిడ్ రోగులు కాలిపోయారు. ఆ వార్త మనమందరం చదివాం. మూడు రోజుల్లో ఏం చేయొచ్చు? చేయొచ్చు. ఒక తాళం తీయడానికి మూడు నిమిషాలు చాలు. నవంబరులో రాజ్‌కోట్‌లో ఇంకో కోవిడ్ ఆసుపత్రి కాలింది. అప్పుడు సుప్రీంకోర్టు తనంతట తాను కల్పించుకుని, డిసెంబరు 18న, ప్రతి కోవిడ్ ఆసుపత్రికీ అగ్నిభద్రత చూసే నోడల్ అధికారి ఉండాలని, ఆడిట్ జరగాలని, ఎన్‌ఓసీ గడువు తీరినవాళ్లు నాలుగు వారాల్లో తెచ్చుకోవాలని ఆదేశించింది. తర్వాత విరార్, భరూచ్ ఆసుపత్రులు. 2024 మే 25 రాత్రి ఢిల్లీ వివేక్ విహార్‌లోని పిల్లల ఆసుపత్రి మంటల్లో 7 పసికందులు. ఆ ఆసుపత్రి లైసెన్సు అప్పటికే మార్చితో ముగిసింది.

ఇంకా వెనక్కి పోతే ఏర్వాడి. 2001 ఆగస్టు 6, తమిళనాడు రామనాథపురం జిల్లా. దర్గా చుట్టూ వెలసిన మానసిక రోగుల ఆశ్రమాల్లో ఒకదానికి తెల్లవారుజామున నిప్పంటుకుంది. 28 మంది చనిపోయారు. పరిగెత్తలేకపోయారు, కాళ్లకు గొలుసులున్నాయి. వాళ్ల పక్కనా చాప వేసుకుని పడుకున్న సొంత మనిషి లేడు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మా పల్లెల్లో ఆ చాప మీది మనిషి తగ్గిపోతున్నాడు. తర్లుపాడులో ఏ వీధికి పోయినా తాళమేసిన ఇళ్లు కనిపిస్తాయి. పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, డాలస్. పెద్దవాళ్లలో ఒకరు పోతే మిగిలినవారిని గుంటూరు వైపో హైదరాబాదు వైపో ఆశ్రమంలో చేరుస్తున్నారు. జిల్లాకు కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమం ప్రభుత్వం పెట్టవచ్చని వృద్ధుల సంక్షేమానికి వచ్చిన 2007 చట్టం చెప్పింది. మా వాళ్లు చేరుతున్నవి మాత్రం ఎక్కువగా అద్దె మేడల్లో నడిచేవే.

డాలస్‌లో ఉండే కూతురు అక్కడ వృద్ధులను చూసుకునే నర్సింగ్ హోమ్ గురించి తెలుసుకోవాలంటే ఫోను చాలు. దాదాపు ప్రతి నర్సింగ్ హోమ్‌నూ పదిహేను నెలలు దాటకుండా తనిఖీ చేయాలి. ఏ లోపం దొరికింది, ఎంతమంది నర్సులున్నారు, ఎన్ని నక్షత్రాలు వచ్చాయి, అన్నీ అందరికీ కనిపిస్తాయి. 2008 నుంచి ఆ నక్షత్రాలున్నాయి. అక్కడా మనుషులు నష్టపోలేదని కాదు. 2020లో వాషింగ్టన్ రాష్ట్రం కిర్క్‌లాండ్‌లో ఒక నర్సింగ్ హోమ్ కోవిడ్‌కు ఎందరు వృద్ధులను పోగొట్టుకుందో ప్రపంచమంతా చూసింది. అయినా లోపం ఎక్కడుందో చదువుకునే దారి ఉంది. అదే కూతురు తన తల్లి ఉన్న ఆశ్రమంలో వెనక తలుపు తెరుచుకుంటుందో లేదో తెలుసుకోవాలంటే టికెట్ కొనుక్కుని రావాలి.

ప్రైవేటు ఆసుపత్రులకు మన రాష్ట్రంలో 2002 నుంచి చట్టం ఉంది. రిజిస్ట్రేషన్ అయిదేళ్లకు ఇస్తారు. పెద్దమ్మను చేర్చిన చోట కూడా ఆ పత్రం రిసెప్షన్ వెనక, వెంకటేశ్వరస్వామి పటం పక్కన, అద్దాల ఫ్రేములో వేలాడుతోంది. దాన్ని నేను చదివాను. తేదీ సరిగ్గానే ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లు ఏం చూశారు, ఏం సరిచేయమన్నారు, ఆ గ్రిల్లు వాళ్ల కంటపడిందా అన్నది అందులో ఉండదు. సమాచార హక్కు కింద అడిగితే నెల రోజుల్లో జవాబు రావచ్చు. జబ్బుతో ఉన్న మనిషి నెల రోజులు ఎట్లా ఆగుతుంది?

పొద్దున మేనేజరుతో మాట్లాడాలనుకున్నాను, మాట్లాడాను కూడా. తీయిస్తానన్నారు. ఆ రాత్రికి మాత్రం నాకు ఒక్కటే తోచింది. ఖాళీ సిలిండర్లను గోడ పక్కకు జరిపాను. వీల్‌చైరు మడిచి మూలకు పెట్టాను. ఒక మనిషి ఇంకో మనిషిని మోసుకుపోయేంత దారి చేసి, చాప తెచ్చి ఆ గ్రిల్లు ముందే పరుచుకున్నాను. బాత్రూములో బకెట్టు నింపి దగ్గర పెట్టుకున్నాను. తాళాన్ని రెండుసార్లు లాగి చూశాను. గట్టిదే.

తెల్లవారుజామున పెద్దమ్మ మెల్లగా లేచి, సెలైన్ స్టాండు పట్టుకుని గది గుమ్మంలోకి వచ్చింది.

"ఏందిరా, ఆడ పండుకున్నావు? దోమలు కుట్టడం లా?"

"ఈడైతే గాలొస్తందిలే, పెద్దమ్మా."

ఆమె నమ్మినట్టే ఉంది. స్టాండు చక్రాలు కిర్రుమంటుండగా బాత్రూము వైపు నడిచింది. నేను ఫోను తీసి టైము చూశాను. ఐదు కావస్తోంది.