ఆంగ్లేయుల ఉదయ భోజనము

వేచిన కోడిగ్రుడ్లు, ఉప్పులో ఊరిన పందిమాంసమగు బేకన్ లేనిదే ఇంగ్లండులో వేడి ఉదయ భోజనమను పేరు చెల్లదు. సాసేజి, పుట్టగొడుగులు, టొమాటో, పంది రక్తముతో చేయు నల్ల పుడ్డింగు వాని చెంత చేరును. తగవంతయు డబ్బా చిక్కుడు గింజలను గురించియే. 1886లో అమెరికానుండి వచ్చి, లండనులోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణమున అమ్ముడైన ఈ హైంజ్ సరకును పరాయిదని త్రోసిపుచ్చువారు నేటికిని కలరు. టొమాటో మాత్రము అమెరికా మొక్క కాదా!

బేకన్ రుచికై పుట్టినది కాదు, నిలువకై పుట్టినది. శీతలయంత్రములు లేని దినములలో పందిని కోసి, మాంసమునకు ఉప్పును సురేకారమును పట్టించెడివారు. ఉప్పు నీటిని లాగివేయుటచే సూక్ష్మజీవులు పెరుగజాలవు. సురేకారములోని నైట్రేటును కొన్ని బాక్టీరియాలు నైట్రైటుగా మార్చును. దానినుండి పుట్టిన నైట్రిక్ ఆక్సైడు మాంసపు వర్ణకముతో కలియుటచేతనే, వండినను ఆ యెఱుపు పోదు. ఈ సంగతిని 1901లో జె. ఎస్. హాల్డేన్ వివరించెను.

యుద్ధకాలమున, 1940 జనవరిలో, మనిషికి వారమునకు నాలుగు ఔన్సుల బేకన్ మాత్రమే లభించెను. ఆ కట్టడి 1954లో తొలగెను. కాని నైట్రైటు పట్టిన మాంసమును మిక్కిలి వేడిపై వేచినపుడు నైట్రోసమీనులు పుట్టవచ్చును. ఇట్లు నిలువచేసిన మాంసములను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో క్యాన్సరు కారకముల జాబితాలో చేర్చినది.