ప్రైమింగ్ రీడ్

వాషరు ఎండిపోయిన చేతిపంపును ఎంత కొట్టినా గాలే వస్తుంది. పైనుంచి చెంబుడు నీళ్లు పోసి కొడితే వాషరు తడిసి, గాలి దూరే సందు మూసుకుని, నీరు పైకి లేస్తుంది. ఇలా ముందు నీళ్లు పోయడాన్ని ఇంగ్లిష్‌లో ప్రైమింగ్ అంటారు. కోబాల్ ప్రోగ్రామర్లకు ఆ మాట బాగా అక్కరకొచ్చింది. లూప్‌లోకి వెళ్లకముందే ఫైల్‌లోంచి మొదటి రికార్డు చదవడమే ప్రైమింగ్ రీడ్.

ముందే ఎందుకు చదవాలి? కోబాల్‌లో లూప్‌ను నడిపే పెర్ఫార్మ్ అంటిల్ తన షరతును ప్రతి విడత మొదట్లోనే చూస్తుంది. జీతాల ఫైల్‌లో 500 మంది ఉన్నారనుకోండి. లూప్‌లోకి వచ్చాక చదివితే, 501వ సారి రికార్డు దొరకదు. ఫైల్ అయిపోయిందన్న గుర్తు పడుతుంది గానీ ఆ విడతలో మిగిలిన లెక్కలు ఆగవు. మెమరీలో పాత రికార్డే ఉండిపోతే, 500వ ఉద్యోగికి జీతం రెండుసార్లు పడుతుంది! ముందే ఒకటి చదివి, లూప్‌లో మొదట లెక్క, చివర్లో తర్వాతి రికార్డు అని రాస్తే ఈ చిక్కు రాదు. బ్రిటన్‌కు చెందిన మైఖేల్ జాక్సన్ 1975 నాటి తన ప్రోగ్రామ్ డిజైన్ పుస్తకంలో దీన్నే సూత్రంగా నిలబెట్టారు.

రీడ్ రెండుచోట్ల రాయడం విసుగే. కోబాల్ 1985 ప్రమాణంలో, రికార్డు దొరికితేనే లెక్క చేయమనే నాట్ ఎట్ ఎండ్ వచ్చాక ఒక్క రీడ్‌తోనే పని జరుగుతోంది. అయినా చదవడానికి నాకు పాత పద్ధతే తేట. పాత ప్రోగ్రాముల్లో లూప్ పైన ఒంటరి రీడ్ కనిపిస్తే, అదనమనుకుని తీసేయకండి.