కొల్లేటి సీమలో ఓటరు గుర్తింపు

1935 చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్నవారికే దక్కిన ఓటు, 1951–52 సార్వత్రిక ఎన్నికలతో ఏలూరు తివాచీ నేతగాడికీ, తాడేపల్లిగూడెం రైసుమిల్లు కూలీకీ, కొల్లేటి లంకల్లో వలలేసే వడ్డీ కులస్థులకూ సమానంగా అందింది. అప్పట్లో అభ్యర్థికొక పెట్టె ఉండేది. పెట్టెపై గుర్తు చూసుకుని ఓటరు చీటీ వేసేవాడు. ఫొటో కార్డు లేని ఆ రోజుల్లో ఓటర్ల జాబితాలోని వివరాలకు తోడు ఊరివాళ్లైన పోలింగ్ ఏజెంట్ల ఎరుకే ఆధారం కాబట్టి, అందరూ అందరికీ తెలిసిన లంక గ్రామాల్లో సాగిన పద్ధతి, వలస కూలీలతో పెరిగే పట్టణాల్లో బహుశా అంత తేలిగ్గా సాగి ఉండదు.

1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం ఏజెంటు 2 రూపాయలు కట్టి ఓటరు గుర్తింపును సవాలు చేయవచ్చు. ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారించి, ఆరోపణ నిలవకపోతే ఓటు వేయనిస్తాడు, అది కేవలం వేధింపని తేలితే ఆ రుసుమును జప్తు చేస్తాడు. తన పేరున ఎవరో ముందే ఓటేసి పోయారని తెలిసి నివ్వెరపోయిన ఓటరు, అధికారి ప్రశ్నలకు సంతృప్తికరంగా జవాబిస్తే, అతనికి ‘టెండర్డ్ ఓటు’ అనే వేరే బ్యాలెట్ ఇస్తారు. దాన్ని పెట్టెలో వేయనివ్వరు, ప్రత్యేక కవరులో భద్రపరుస్తారు, మామూలు లెక్కింపులో కలపరు, ఎన్నికల పిటిషన్‌లో న్యాయస్థానం అడిగితే తప్ప దానికి విలువ రాదు; హక్కు అనడం కంటే ఓదార్పు అనడమే సబబు.

ప్రధాన ఎన్నికల కమిషనర్ టి.ఎన్. శేషన్ హయాంలో 1993లో ఫొటో గుర్తింపు కార్డు వచ్చింది. అయినా ఓటు హక్కుకు మూలం జాబితాలోని పేరే; కార్డు లేనివారు ఉపాధి హామీ జాబ్‌కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు వంటివి చూపినా చాలు.