జ్వాలాముఖి దీపము, ఢిల్లీ పొయ్యి

ఢిల్లీ నగరమున ఫిరోజ్‌షా కోట్లా శిథిలముల నడుమ అశోకుని శిలాస్తంభ మొకటి నిలిచి ఉన్నది. పూర్వపు అంబాలా జిల్లాలోని తోప్రా గ్రామమునుండి ఫిరోజ్ షా తుగ్లక్ దానిని యమునలో పడవలమీద తెప్పించి, తన కొత్త రాజధానిలో నిలిపించినాడు. ఆ కోటకు కొంచెము దక్షిణముగా, అదే యమున ఒడ్డున, సహజవాయువును మండించి విద్యుత్తును పుట్టించే ప్రగతి కేంద్రమున్నది. స్తంభమును చూడ వచ్చినవారు విద్యుత్కేంద్రమును తలచరు. తలచవలసిన పనియు లేదు. కాని వాయువు చరిత్రను వెదకుచు పోయిన నాకు ఈ రెంటి నడుమ ఒక దారి కనబడినది. అది ఢిల్లీనుండి హిమాలయముల పాదమునకు పోయి, అక్కడినుండి మన సముద్రతీరములకు దిగివచ్చే దారి.

క్రీ.శ. 1360 ప్రాంతమున ఫిరోజ్ షా సేనతో కాంగడా సీమలోని నగర్‌కోటపైకి నడచినాడు. ఆ సీమలోనిదే జ్వాలాముఖి దేవాలయము. అష్టాదశ శక్తిపీఠముల పేర్లు పఠించే తెలుగు ఇండ్లలో ‘జ్వాల’ అని వినబడే క్షేత్రమిదే. అక్కడ పూజలందుకొనేది విగ్రహము కాదు. నూనెయు వత్తియు లేకయే రాతి పగుళ్లనుండి వెలువడే మంట. సుల్తాను ఆ దేవికి బంగారు గొడుగు పట్టినాడని ఒక వదంతి పుట్టినది. చరిత్రకారుడు షమ్సె సిరాజ్ అఫీఫ్ దానిని గట్టిగా ఖండించినాడు. అంతకంటె మనకు రుచించే విషయము మరొకటి ఉన్నది. ఆ ఆలయమున 1,300 సంస్కృత గ్రంథములు ఉన్నవని, సుల్తాను పండితులను పిలిపించి వానిలో కొన్నిటిని పారసీకమునకు అనువదింపజేసినాడని బదాయూనీ, ఫెరిష్తా వ్రాసినారు. ఒక గ్రంథము ‘దలాయిలె ఫిరోజ్‌షాహీ’ అనే పేరుతో పారసీక పద్యమైనది. ఆ విధముగా పుస్తకములు భాష మార్చుకొని సుల్తాను కొలువునకు చేరినవి. మంట మాత్రము ఉన్నచోటనే ఉండిపోయినది.

మంటకు కారణమేమని అడిగినవారు మొగలులు. అక్బరు ఆ జ్వాలలను ఆర్పజూచి ఓడిపోయినాడని జనులు చెప్పుకొనే కథ ప్రసిద్ధము. నాకు మాత్రము ఆ కథకంటె ‘ఆయినె అక్బరీ’లో అబుల్ ఫజల్ వ్రాసిన నాలుగు మాటలు విలువైనవిగా తోచును. పామరులు మహిమ అనుకొనునది గంధకపు గని తప్ప వేరు కాదని అతని తీర్పు. 1622లో కాంగడాకు పోయిన జహంగీరును తన స్మృతులలో ఆ కొండవాలున గంధకమున్నదని, దాని వేడిమి వలననే మంటలు పుట్టుచున్నవని వ్రాసుకొన్నాడు. వారు చెప్పిన కారణము తప్పు. అయినను కారణము భూమిలోపలనే ఉండవలెనని పట్టిన పట్టు తప్పు కాదు. ‘జ్వాలాముఖి’ అనుమాట హిందీలో అగ్నిపర్వతమునకు పేరైనందున నేటికిని కొందరు అక్కడ అగ్నిపర్వతమున్నదని భ్రమపడుదురు. అక్కడ అగ్నిపర్వతమును లేదు, గంధకపు గనియు లేదు. మండునది సహజవాయువు, అందులో ప్రధానమైనది మీథేను.

ఈ వాయువు పుట్టుక నెమ్మదియైన పాకము. సముద్రపుటడుగునను, డెల్టాలలోను, ప్రాణవాయువు సోకని బురదలో నాచు, సూక్ష్మజీవులు, ఆకులలములు కుళ్లీ కుళ్లక పూడుకొనిపోవును. పైన మేట మీద మేట పడును. మొదట, లోతు తక్కువగా ఉండగనే, కొన్ని సూక్ష్మజీవులు ఆ శేషములను తిని మీథేనును విడుచును. చెరువు బురదను కదిపిన పైకి వచ్చే బుడగలు ఆ జాతివే. మిగిలినది గట్టిపడి కెరోజెన్ అనే పదార్థమగును. భూమిలోనికి దిగినకొలది కిలోమీటరు ఒక్కంటికి ఇంచుమించు 25 నుండి 30 డిగ్రీల వేడి పెరుగును. సుమారు 60 డిగ్రీలు దాటినపుడు కెరోజెన్ విరిగి ముడినూనె కారుట మొదలిడును. 120, 150 డిగ్రీలను మించినపుడు నూనెయు విరిగి వాయువగును. ఇది ముగియుటకు లక్షల, కోట్ల సంవత్సరములు పట్టును. భూశాస్త్రజ్ఞులు ఈ పాకము జరిగే చోటును వంటయిల్లు అనియే పిలుతురు. పుట్టిన వాయువు తేలికయై పైకి ఎగబ్రాకును. ఇసుకరాతి రంధ్రములలో చేరి, పైన బంకమన్ను వంటి బిగువైన పొర మూతగా ఉన్నచోట నిలుచును. మూత లేనిచో గాలిలో కలిసిపోవును.

భూఫలకముల అంచులు ఈ పనిలో చేసే సాయమేమి? అవి వాయువును తామే పుట్టింపవు. ఫలకములు విడిపోయేచోట నేల కుంగి లోయలు పడును. వానిలో బురద మేట వేయును, క్రిందినుండి వేడి అందును. ఫలకములు గుద్దుకొనేచోట పొరలు ముడతలు పడి మడతల క్రింద వాయువునకు గూడు కట్టును. కాని ఆ ఒత్తిడియే మితిమీరినచో కట్టిన గూటిని పగులగొట్టును. జ్వాలాముఖిలో జరిగినది ఇదే. సుమారు ఐదు కోట్ల సంవత్సరములకు పూర్వము భారతఫలకము ఆసియాను ఢీకొని, నడుమనున్న టెథిస్ సముద్రమును మూసివేసినది. లేచిన పర్వతములనుండి కొట్టుకొనివచ్చిన మన్ను శివాలిక్ కొండలైనది. ఒత్తిడి ఆగలేదు, నేటికిని ఏటేటా నాలుగైదు సెంటీమీటర్లు సాగుచునే ఉన్నది. ప్రాత పొరలు క్రొత్త పొరల మీదికెక్కి కూర్చున్న పగులొకటి ఆ క్షేత్రము పేరనే శాస్త్రగ్రంథములకు ఎక్కినది. ఆ ఒత్తిడి మంటను మాత్రమే ఇవ్వదు. 1905 ఏప్రిల్ 4న కాంగడా భూకంపమున ఇరువది వేలమంది ఇంచుమించుగా మరణించినారు.

స్వతంత్ర భారతము నూనెకై వెదకుట మొదలిడినపుడు మొదట ఆ మంట దగ్గరకే పోయినది. 1956లో నూనె, సహజవాయు సంఘము ఏర్పడినది. దాని వెనుక కేశవదేవ మాలవీయ పట్టుదల ఉన్నది. మరుసటి సంవత్సరమే జ్వాలాముఖిలో బావి త్రవ్వినారు. వాయువు జాడలు కనిపించినవి గాని, వ్యాపారమునకు తగిన నిధి దొరకలేదు. మంటనుబట్టి నిధిని ఊహించుట సహజమే. నా తలపున ఆ మంట నిధికి గుర్తు కాదు. నిధి కారిపోవుచున్నదనుటకు గుర్తు. మూత చెడినందుననే దేవతకు దీపమైనది, మూత చెడినందుననే పరిశ్రమకు నిధి కాలేదు. అయినను ఇట్టి చోట్లన్నియు వట్టివి కావు. కాస్పియన్ తీరమున బాకూ సమీపమునను ఇట్టి మంటలుండెడివి. అదియు ఫలకముల రాపిడిలో నలిగిన సీమయే. 18వ శతాబ్దమున అచ్చటికి వర్తకమునకు పోయిన మన ఉత్తరదేశీయులు మంట చుట్టును గుడి కట్టుకొని, జ్వాలాజీ పేరు సంస్కృతమునను పంజాబీలోను రాతిపై చెక్కినారు. అక్కడ మాత్రము మంట క్రింద అపారమైన నిధి దొరకినది. పరిశ్రమ దానిని తోడుకొన్నది. నేడు ఆ గుడిలోని మంటకు వాయువు గొట్టము ద్వారా వచ్చుచున్నది.

మనకు నిధి దొరకినది నేల విడిపోయినచోట. 1958లో ఖంభాతు సీమలో నూనె పడినది. 1974లో బొంబాయి హై బయటపడినది. గోండ్వానా ఖండము చీలి భారతము ఒంటరియై ఉత్తరమునకు సాగినపుడు పడిన పగుళ్లలో పేరుకొన్న బురద అక్కడ పాకమునకు వచ్చినది. ఒత్తిడి లేనందున మూతయు చెడలేదు. ఢిల్లీ నేలలో ఇట్టిది కుదరదు. నగరమున తలయెత్తిన ఆరావళి శిల నూరుకోట్ల ఏండ్లకు పైబడిన గట్టి రాయి. అందుచేత వాయువు దూరమునుండి రావలసినది. 1984లో ఏర్పడిన గెయిల్ సంస్థ గుజరాతులోని హజీరానుండి బీజాపూర్ మీదుగా జగదీశ్‌పూర్ వరకు గొట్టము పరచినది. ఈ బీజాపూర్ మధ్యప్రదేశ్‌లోనిది. ఆ గొట్టపు శాఖయే ఢిల్లీకి చేరినది.

ఆ గొట్టము విలువ 1998 జూలై 28న తెలియవచ్చినది. న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో వేసిన వ్యాజ్యముపై సర్వోన్నత న్యాయస్థానము, ఢిల్లీ బస్సులన్నియు 2001 మార్చి 31 నాటికి వాయువుతో నడువవలెనని ఆజ్ఞాపించినది. గడువు దాటినది. బండ్లు తగినన్ని లేవు, నింపుకొనే కేంద్రములు తగినన్ని లేవు. ఆటోలవారు వాయువుకొరకు గంటల తరబడి బారులు తీరినారు. న్యాయస్థానము పట్టు విడువలేదు. 2002 చివరకు డీజిలు నగరబస్సులు తొలగినవి. ఆ ఉపశమనమును తరువాత పెరిగిన వాహనముల సంఖ్య చాలవరకు మ్రింగివేసినదనుట నిజమే. అంతమాత్రమున బారులలో నిలిచిన వారి కష్టము వ్యర్థమని నేననను.

2004లో గుజరాతులోని దహేజ్ రేవున ఖతార్ ద్రవవాయువు దిగుట మొదలైనది. అరేబియా ఫలకము ఇరానును ఒత్తి జాగ్రోస్ పర్వతములను లేపినది. కాని ఖతార్ నిధి ఆ ముడతలకు ఈవల, నేల నలగని చోట, బిగువైన మూతక్రింద ఉన్నది. తాకిడికి దగ్గరలో ఉండియు దానిపాలు పడకుండుట దాని అదృష్టము.

మన గోదావరి సీమయు ఎడబాటు నేలయే. సుమారు 13 కోట్ల ఏండ్లకు పూర్వము అంటార్కిటికానుండి భారతము విడివడినపుడు పడిన లోయలపైన కృష్ణాగోదావరులు మేట వేసినవి. అక్కడ మూత గట్టిది. వాయువు లోపల గొప్ప పీడనముతో నిలిచి ఉన్నది. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద త్రవ్వుచున్న బావి అదుపు తప్పి అంటుకొన్నది. కోనసీమ కొబ్బరితోటల పైన ఆ మంట అరువదియైదు దినములు మండినది. చుట్టుప్రక్కల ఊళ్లవారు ఇండ్లు విడిచిపోయినారు. మార్చి 15న దానిని ఆర్పినారు.